వెనకాల ఒకరున్నారు

నాలుగో మలుపు దగ్గర దర్జీ రోడ్డు పక్కన కూలబడ్డాడు.

షూలో రాయి పడ్డట్టు నటించాడు గానీ, చూసేవాళ్లెవరూ లేరు. ముందు వెళ్లిన రెండొందల మందీ కొండెక్కి, దిగి, ఈపాటికి స్నానాలు చేసి తల కూడా ఆరబెట్టుకుని ఉంటారు.

ఆ కొండ సంగతి కాస్త చెప్పాలి. మేకలు కూడా కింద నిలబడి ఒకసారి పైకి చూసి, ఆకలి చంపుకుని ఇంటికి పోతాయి. దాని నడుముకి మూడు ఊళ్లు అంటుకుని ఉన్నాయి. పై ఊళ్లో చెంబు జారిపడితే కింది ఊళ్లో ఏరుకుంటారు. ఆ మూడు ఊళ్లూ చుట్టి, మళ్లీ కిందున్న బడి మైదానానికి రావాలి. అదీ పందెం.

పోయినేడు దర్జీ అందరికన్నా ఆఖర్న వచ్చాడు. అప్పట్నుంచి వీధిలో అతని పేరు తోక. బ్లౌజు కుట్టడానికి ఇచ్చేవాళ్లు కూడా "తోకకి ఇచ్చొచ్చాను" అనేవాళ్లు. అదైనా ఓర్చుకున్నాడు. ఒకరోజు కూతురు బడి నుంచి ఏడుస్తూ వచ్చింది.

"నన్ను తోకపిల్ల అంటున్నారు నాన్నా. నువ్వు గెలవక్కర్లేదు. ఆఖర్న మాత్రం రాకు."

ఏడాదంతా పొద్దున్నే లేచి పరిగెత్తాడు. తీరా చూస్తే మళ్లీ అదే చోటు. మోకాళ్లు రెండూ వేరే ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

అప్పుడు కింది మలుపులో ఒక మనిషి కనిపించాడు.

తల నెరిసిపోయింది. ఎడమకాలు ఈడుస్తూ, కుంటుకుంటూ వస్తున్నాడు. దర్జీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ మనిషి ప్రతి చెట్టు దగ్గరా ఆగి, దారి తెలియడానికి కట్టిన ఎర్ర రిబ్బన్లు విప్పి సంచిలో వేసుకుంటున్నాడు.

"ఏం పెద్దాయనా, వాటినెందుకు పీకుతున్నావ్?"

"నా వెనకాల ఎవరూ లేరు బాబూ. ఇంకెవరికి దారి చూపించాలి?"

"అని సంచిలో వేసుకోవడమేనా? నేను దర్జీని, నాకు చెప్పకు. అది మంచి సాటిన్. నీ ఇంట్లో ఆడపిల్లలందరి జడలకీ సరిపోతుంది."

"మనవరాళ్లు అయిదుగురు. చాలదేమో."

దర్జీకి ఒళ్లు మండింది. దొంగతనం, పైగా లెక్కలు.

"కాలికేమైంది?"

"ఎక్కేటప్పుడు మొరాయిస్తుంది."

"అయితే విను. మెల్లిగా రా. నన్ను మాత్రం దాటకు. ఇవాళ ఆఖరివాడివి నువ్వే."

"సరే బాబూ. నేనే."

దర్జీ లేచాడు. పది అడుగులు పరుగు, ఇరవై అడుగులు నడక. అతను ఆగితే వెనకాయన కూడా ఆగి ఏ రిబ్బనో విప్పేవాడు. అతను కూర్చుంటే ఆయనా కూర్చునేవాడు.

పై ఊళ్లో దర్జీ ఒక గోడకి చేరగిలబడ్డాడు. పరిగెత్తలేనివాళ్లని ఎక్కించుకునే జీపు వచ్చి పక్కనే ఆగింది.

"ఎక్కుతావా అన్నా? ముఖం గోడకన్నా తెల్లగా ఉంది," అన్నాడు డ్రైవరు.

దర్జీ కడ్డీ పట్టుకున్నాడు. ఒక కాలు లోపల పెట్టాడు.

"ఎక్కు బాబూ, ఎక్కు!" వెనక నుంచి కేక. "నువ్వెక్కితే నేను ముందొచ్చినట్టే!"

"నీ మొహం!"

కాలు కిందికి దిగింది. ఆ కోపంతో పై ఊరు దాటాడు, నడిమి ఊరు దాటాడు. కింది ఊళ్లో కోపం అయిపోతే "వస్తున్నా, వచ్చేస్తున్నా" అని మళ్లీ వెనక నుంచి వినపడింది. ఇంకో కాస్త కోపం పుట్టింది. దాంతో బడి మైదానం దాకా వచ్చాడు.

జనం వెళ్లిపోయారు. గీత దగ్గర డ్రిల్లు మాస్టారు, బావమరిది, కూతురు మిగిలారు.

"బావా! కుర్చీలు సర్దడానికి మనిషి కావాలన్నారు, నువ్వొస్తావని ఆపాను," అన్నాడు బావమరిది.

"నోర్ముయ్‌రా. నా వెనక ఒకడున్నాడు."

కూతురు వచ్చి కాళ్లకి చుట్టుకుంది.

"నిజంగా నాన్నా?"

"అదుగో చూడు."

పెద్దాయన కుంటుకుంటూ గీత దాటాడు. సంచి మాస్టారి బల్ల మీద పెట్టాడు. పిల్ల తల నిమిరి, "ఎంత తరిమినా మీ నాన్న దొరకలేదమ్మా," అన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా వచ్చిన దారినే వెనక్కి మళ్లాడు.

పిల్ల మామయ్యని లాక్కుంటూ ఎగురుకుంటూ గేటు వైపు పోయింది.

"మాస్టారూ, ఆఖరు పేరు ఆయనది రాసుకోండి," అన్నాడు దర్జీ రొప్పుతూ. "ఆ సంచి కూడా చూడండి. దారంతా రిబ్బన్లు కొట్టేశాడు."

"నేనే తెమ్మన్నాను."

"మీరా? కుంటికాలాయన్ని పట్టుకుని ఇరవై కిలోమీటర్లు…"

"కుంటికాలేంటి?"

దర్జీ తిరిగి చూశాడు. కొండ రోడ్డు మీద ఆ మనిషి పరిగెడుతున్నాడు. రెండు కాళ్లూ సమానంగా పడుతున్నాయి. నేల ఆయన్ని కింద నుంచి పైకి విసురుతున్నట్టుంది.

"పెద్దాయనా!" అని అరిచాడు దర్జీ. గొంతు ఎండిపోయి మాట మైదానం కూడా దాటలేదు. ఆయన నాలుగో మలుపు తిరిగి కనపడకుండా పోయాడు.

మాస్టారు గేటు దగ్గరున్న పిల్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆయనది పై ఊరు. పదకొండేళ్లుగా ఈ పందెంలో ఆయన పని ఒక్కటే, అందరికన్నా ఆఖర్న ఉన్నవాడి వెనకాల, కంటపడనంత ఎడంగా రావడం. ఇలా కనపడి గీత దాటింది మాత్రం ఇవాళే."