పేరు లేని ఆధారం

"ఇది నీకు ఎవరు చెప్పారు?"

దుర్గ మేడమ్ వేలు పెట్టి చూపించిన పేరా పక్కన ఎర్రసిరా గీత ఉంది. కాగితం చిరిగేంత గట్టిగా గీసింది. కోటి తల వంచుకున్నాడు.

ఎమ్మే సోషియాలజీ పిల్లలు ఆమెను చాటుగా ఫుట్‌నోట్ మేడమ్ అంటారు. వ్యాసంలో ఏ మాట రాసినా అది ఏ పుస్తకంలోదో, ఏ పేజీలోదో కింద చూపించాలి. మనిషి చెబితే ఆ మనిషి ఎవరో, ఎప్పుడు చెప్పాడో రాసి తీరాలి. ఫోన్‌ని అడిగి రాయించుకొచ్చినవాళ్లు ఆమె గదిలోకి నవ్వుతూ వెళ్లి, బయటికి ముక్కు చీదుకుంటూ వస్తారు.

కోటి అలాంటివాడు కాదు. భీమిలి దగ్గర జాలరి పల్లె నుంచి బస్సులో నిలబడి వచ్చి చదువుకుంటాడు. వ్యాసానికి ఎంచుకున్న విషయం కూడా తనవాళ్లదే, సముద్రం మీద సాయం. నడిసంద్రంలో ఎవరి బోటు ఇంజిన్ ఆగిపోయినా, చూసిన బోటు తాడు కట్టి ఒడ్డుకి లాక్కురావాలి. పగవాడి బోటైనా సరే. ఒకసారి కట్టిన తాడు ఒడ్డు చేరేదాకా విప్పకూడదు.

అంతవరకూ ప్రతి మాటకీ కింద ఆధారం చక్కగా ఉంది. ఆ తర్వాత వచ్చింది ఈ పేరా.

"ఆరేళ్ల కిందటి తుఫానులో, కళింగపట్నం ఎదురుగా, ఇంజిన్ చెడిన ఒక వైజాగ్ బోటుకి ఇంకో బోటు తాడు కట్టింది. అలలకి రెండూ మునిగేలా ఉన్నాయి. ముందు బోటువాళ్లు తాడు కోసేశారు. వెనక బోటులో ఐదుగురున్నారు. ఒడ్డుకొచ్చాక, ఆ బోటు మాకు కనబడనే లేదని అందరికీ చెప్పారు."

కింద ఆధారం లేదు.

"ఎక్కడైనా కాపీ కొట్టావా?"

"నేదు మేడమ్."

"కల్పించావా?"

"నేదు మేడమ్. నిజమే. ఇన్నాను."

"ఎవరి దగ్గర?"

కోటి కాగితం అంచు మడతపెట్టసాగాడు.

"ఆ బోటు ఏ రంగుది? అందులో ఎవరెవరున్నారు? తాడు కోసేటప్పటికి చీకటి పడిందా, ఇంకా వెలుగుందా?"

కోటి బిత్తరపోయాడు. "ఆధారానికి ఇయన్నీ కావాలా మేడమ్?"

"కావాలి. సోమవారానికి పేరు రాసుకురా. లేకపోతే సున్నా."

సున్నా అంటే ఎమ్మే పోయినట్టే. ఎమ్మే పోతే, గాజువాకలో ఒక కంపెనీవాళ్లు చేరమన్న ఉద్యోగమూ పోయినట్టే. కోటి ఇంట్లో నెలజీతం అనే మాట ఇంతవరకూ ఎవరూ ఎరగరు.

డిపార్ట్‌మెంట్ హెడ్ దేవీప్రసాద్ గారికి కుర్రాడి మీద జాలేసింది. "చెప్పినవాళ్లకి ఏవో ఇబ్బందులుంటాయి దుర్గగారూ. 'ఒక జాలరి' అని రాయించండి. అదీ పద్ధతే కదా! క్లాసులో మీరు చెప్పేదే."

"తెలుసు సార్."

"మరింకేం?"

"నాకు పేరు కావాలి."

ఈ మొండితనం ఏమిటో ఆయనకి అంతుబట్టలేదు. దుర్గకి మాత్రం అన్నం సయించడం లేదు. ఆ పేరా కంఠతా వచ్చేసింది. ఒకసారి కోటి నంబరు నొక్కి, మోగకముందే ఆపేసింది. పేదింటి కుర్రాడి పొట్ట కొడుతున్నానని తెలుసు, సిగ్గుగానూ ఉంది. అయినా వదిలెయ్యడానికి మనసు ఒప్పలేదు.

సోమవారం కోటి వచ్చాడు. ముఖం పీక్కుపోయింది.

"ఆ పేరా తీసేత్తాను మేడమ్. మిగతాది సరిపోద్ది."

నిజమే. పేరా లేకపోతే ఆధారం గొడవే లేదు. ఇంకో మేష్టారైతే హమ్మయ్య అనుకుని సంతకం పెట్టేసేవాడు.

"తియ్యడానికి వీల్లేదు," అంది దుర్గ.

కోటికి ఒక్కసారిగా కోపం వచ్చింది. "ఏటి మేడమ్ మీరు! ఆ పేరు రాత్తే ఏటవుద్దో మీకు తెల్దు. ఊరు ఊరంతా మా మొకం సూడరు. పోలీసులొత్తారు. ఆ అయిదుగురి ఇళ్లోళ్లు మమ్మల్ని బతకనిత్తారా?"

"అంత భయమున్నవాడివి ఎందుకు రాశావు?"

"రాయకుండా ఉండనేకపోనాను."

దుర్గ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చుంది. ఏమీ అడగలేదు. అడిగితే ఇంకాసేపు బిగబట్టుకునేవాడేమో. ఆ ఊరుకోవడానికే వాడు కరిగిపోయాడు.

"మా అయ్య మేడమ్." కోటి చూపు ఎర్రసిరా గీత మీదే ఉంది. "కత్తి మా అయ్య సేతిలోనే ఉన్నాది. ఆ మర్నాటి నుంచి ఏటకెల్నేదు. తాగినప్పుడల్లా నన్ను కూకోబెట్టుకుని అదే సెప్తాడు. ఎనక బోటోళ్ల కేకలు ఇంకా సెవుల్లో ఇనపడతన్నాయంటాడు."

చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి జేబులోంచి పెన్ను తీసి, కాగితం ముందుకి లాక్కున్నాడు.

"జగ్గయ్య అని రాసేత్తాను. సాలా మేడమ్?"

దుర్గ ఆ పెన్ను లాగేసుకుంది. కుర్చీలోంచి లేచి, బల్ల ఇటువైపుకి వచ్చి, వాడి పక్కన నిలబడింది. క్లాసులో ఎన్నడూ రాని మాటలు ఆమె నోట వచ్చాయి.

"ఆ ఎనక బోటుకి సుక్కాని పట్టింది మా అయ్యేరా కోటీ, ఆకర్న ఏటని కేకేసినాడో మీ అయ్యని ఒక్కపాలి అడిగి సెప్తావా?"