లోపలికి వంగిన స్తంభాలు

"వంపు లోపలికి ఉండాలి," అంది ఆమె.

కంచె మేస్త్రి తను సరిగా వినలేదేమో అనుకున్నాడు. సిమెంటు స్తంభం పైన మూరెడు భాగం ఒక పక్కకి వంగి ఉంటుంది. ఆ వంపు మీద కూడా ముళ్ళతీగ లాగుతారు. దాన్ని ఎప్పుడూ బయటివైపే పెడతారు, ఎక్కబోయిన దొంగ తలకి ముళ్ళు తగిలేలా. ఇరవై ఏళ్ళుగా అతను అలాగే పాతుతున్నాడు.

"లోపలికి పెడితే దొంగని చెయ్యిచ్చి దింపుకున్నట్టేనమ్మా," అన్నాడు నవ్వుతూ.

"దొంగల కోసం కాదు మేస్త్రీ గారూ. లోపలున్నవాళ్ళు బయటికి పోకుండా."

అతని నవ్వు ఆగిపోయింది.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఈమె, ఈమె అత్తగారు. ముసలావిడ చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని పెరటి మెట్టు మీద కూర్చుని ఉంది. కర్ర లేకుండా ఒక్క అడుగు వెయ్యలేదు. చూపు మాత్రం పెరడు దాటి పోతోంది. అక్కడ, రెండు వందల అడుగుల దూరంలో, పాత క్వారీలో నిలిచిన పచ్చటి నీళ్ళు. పోయిన వానాకాలం ఆవిడ కొడుకు అందులోనే మునిగిపోయాడని సిమెంటు కొట్టతను మేస్త్రికి చెప్పాడు. బాగా ఈత వచ్చినవాడేనట.

వీధి గేటుకి ముందునుంచీ తాళం ఉంది. పెరటి తలుపు గడియ మాత్రం మేకులతో సహా ఊడి వేలాడుతోంది. లోపల్నుంచి పీకినట్టుంది. మేస్త్రి ముసలావిడ చేతులకేసి చూశాడు. బెంగ ఎంత పనైనా చేయిస్తుంది అనుకున్నాడు. కొడుకు పోయిన చోటికి తల్లి వెళ్ళి కాసేపు కూర్చుంటే ఈ కోడలికి ఏం పోయింది?

అయినా పని పని. రెండడుగుల లోతున గుంటలు తీశాడు. స్తంభం నిలబెట్టి, దారానికి గుండు కట్టి నిలువు చూసి, చుట్టూ కాంక్రీటు పోసి కూరాడు. సాయంత్రానికి చివరి స్తంభం కూడా నిలబడింది.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే, ఆ చివరి స్తంభం మొదట్లో, గట్టిపడిన కాంక్రీటులో ఒక పాదం గుర్తు.

చెప్పుల్లేని పాదం. అయిదు వేళ్ళూ క్వారీ వైపు. పక్కన ఇంకే గుర్తూ లేదు.

మేస్త్రి వంగి దాన్ని వేలితో తడిమాడు.

కోడలు వచ్చి చూసింది. అతని చేతిలోంచి తాపీ తీసుకుని కూర్చుని ఆ గుర్తు మీద గీకింది. కాంక్రీటు అప్పటికే బిగిసిపోయింది. అయినా చాలాసేపు గీకింది. తర్వాత తలెత్తకుండా అడిగింది.

"సిమెంటు తగిలి అరికాలు మండితే ఏం రాస్తారు?"

"బాగా కడిగి కొబ్బరినూనె రాయండమ్మా. పెద్దవాళ్ళ చర్మం, తొందరగా పుండు పడుతుంది."

ఆమె తాపీ అక్కడే పెట్టి లోపలికి వెళ్ళింది.

మేస్త్రి మెట్టు దగ్గరికి నడిచి గొంతు తగ్గించాడు. "పెద్దమ్మా, కాలు బాగా మండుతోందా?"

"నాకేం మంట నాయనా," అంది ముసలావిడ. "నువ్వు గట్టిగా పాతు. కదలకూడదు."

కోడలంటే ఎంత భయముంటే అలా అంటుంది! అతని తల్లి కూడా ఆఖరి రోజుల్లో ఇలాగే గుమ్మంలో కూర్చునేది. నాన్నని పూడ్చిన చోటికి ఒక్కసారి తీసుకెళ్ళరా అనేది. ఈ పని అవనీ, ఆ పని అవనీ అంటూ తీసుకెళ్ళనే లేదు. ఆవిడా పోయింది.

నాలుగు రోజులు స్తంభాల మొదళ్ళకి గోనెపట్టాలు చుట్టి తడపాలి. ఆ పని కోడలే చేసింది. మేస్త్రి చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఆమె కళ్ళు ఎర్రగా ఉండేవి. ముసలావిడ కళ్ళూ అలాగే ఉండేవి. రాత్రంతా కాపలా కాస్తోంది కాబోలు పాపం ఆ పెద్దావిణ్ణి, అని మనసులోనే ఎత్తిపొడిచాడు.

అయిదో రోజు తీగ లాగాడు. వంపు మీద మూడు వరసలు, కింద తొమ్మిది. క్వారీ వైపు మూల స్తంభం దగ్గరికి వచ్చేసరికి కోడలు లోపలికి వెళ్ళింది. మేస్త్రి చేతిలో పటకారు ఆగింది. అటూ ఇటూ చూశాడు. కింది మూడు తీగల్ని మెలిపెట్టి కట్టకుండా, కొస వంచి తగిలించి వదిలేశాడు. చూసేవాళ్ళకి తేడా తెలియదు. చేత్తో ఎత్తితే ఊడి వచ్చేస్తాయి. చీకట్లో తడుముకున్నా దొరుకుతాయి.

ముసలావిడ కళ్ళద్దాలు ఇటే తిరిగి ఉన్నాయి. చూసే ఉంటుంది. మేస్త్రి ఆవిడకేసి చిన్నగా తలూపాడు. తల్లికి చెయ్యలేనిది ఎవరికో ఒకరికి చేసినట్టయింది.

మేస్త్రి సామాను సర్దుకుని బయటికి వచ్చాక, కోడలు కంచెకి పెట్టించిన కొత్త గేటుకి తాళం వేసి రెండుసార్లు లాగి చూసుకుంది. చుట్టూ తిరిగి ఒక్కో స్తంభాన్నీ ఊపి చూసింది. ఏదీ కదల్లేదు. మొదటిసారి ఆమె మొహం కాస్త తేటపడింది.

"మంచి పని చేశారు మేస్త్రీ గారూ. ఇక నిద్ర పడుతుంది."

"పడుతుందమ్మా, ఎందుకు పడదు," అన్నాడు అతను ఆమె మొహం చూడకుండా, సైకిలెక్కుతూ.

సైకిలు వీధి మలుపు దాటిపోయింది. ఆమె కుంటుకుంటూ వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుంది. తాళంచెవి ఆవిడ గుప్పిట్లో పెట్టి, ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే మూసింది.

"అత్తయ్యా, ఆయన నీళ్ళలోంచి పిలుస్తున్నారని నేను ఎంత ఏడ్చినా, నిద్రలో మీ చెయ్యి కొరికినా, ఇది నాకు మాత్రం ఇవ్వకండి."