అర్జీలు లేని రాజు

“ఈ అరలో కాగితాలు ఏం చేశారు?” అని పాఠ్యపుస్తకం రాసే మాస్టారు నన్ను నిలదీశాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఈ రికార్డు గది చూసుకుంటున్నదాన్ని. ఒళ్ళు మండింది.

“పెద్దరాజుకి జనం పెట్టుకున్న అర్జీలు నలభై కట్టలున్నాయి. తర్వాత ఆయన తమ్ముడు చిన్నరాజు కూడా అన్నేళ్ళే ఏలాడు. ఒక్కటీ లేదేం? అమ్ముకున్నారా?” అన్నాడాయన.

“చిన్నరాజుకి ఎవరూ అర్జీ పెట్టలేదండీ. కావాలంటే చిట్టా చూసుకోండి.”

చిట్టా రెండుసార్లు తిరగేశాక ఆయన మొహం విప్పారింది. పక్కనే కలం పట్టుకుని కూర్చున్న కూతురితో, “రాయమ్మా. పెద్దరాజు కాలంలో జనానికి అన్నీ కష్టాలే. చిన్నరాజు పాలనలో ఏ లోటూ లేదు” అన్నాడు. నాకేసి తిరిగి, “మా ఇల్లూ అంతే. మా అమ్మాయి ఇంతవరకు నా మీద ఒక్క ఫిర్యాదూ చెయ్యలేదు” అన్నాడు.

నేను పెద్దరాజు కట్టలోంచి ఒక అర్జీ తీసి చదివాను.

“‘రాజా, నీ గుర్రాలు మా తోట తొక్కేశాయి. నీకు కళ్ళు లేవా?’ ఈవిడే ఆ తర్వాత ఇంకో తొమ్మిది రాసింది మాస్టారూ, అన్నీ ఇలా తిడుతూనే. చిన్నరాజు గద్దెనెక్కిన రోజు నుంచి నోరు మెదపలేదు.”

“సుఖంగా ఉందేమో!”

“గుర్రాలు అవే, తోటా అదేనండీ.”

కూతురి కలం ఇంకా కదల్లేదు.

“రాయవేం? ఏమైనా చెప్పాలా?”

“ఏం లేదు నాన్నా” అంది, తల ఎత్తకుండానే.

ఇందాక ఖాళీ అరని చూసిన చూపుతోనే ఆయన కూతుర్ని చూశాడు.