ఏరియల్ ఎక్కడ బిగించాలి

"నోటితోని చెప్పకు, వేళ్లు చూపియ్" అని జీపు వెనక నుంచి గట్టిగా అరిచాడు మంగీలాల్.

దవాఖానా జీపు డ్రైవరు భద్రయ్య మైకు ఒళ్లో పెట్టుకుని, చెయ్యి బయటికి చాపి రెండు వేళ్లు చూపించాడు. భద్రాచలం కంట్రోల్ రూము గొంతు వస్తోంది గానీ, బావిలోంచి వస్తున్నట్టుంది. మాట స్పష్టంగా ఉంటే అయిదు వేళ్లు, అసలేమీ వినబడకపోతే పిడికిలి. అదీ మంగీలాల్ పద్ధతి. ఇంజను రొదలో మాటలు ఎందుకని కాబోలు అనుకున్నాడు భద్రయ్య.

మంగీలాల్ ఎర్రుపాలెం దగ్గరి తండా మనిషి. మిలిట్రీలో వైర్‌లెస్ పని చేసి వచ్చి, ఇప్పుడు ఖమ్మంలో సర్కారు జీపులకు ఏరియల్ కడ్డీలు బిగిస్తున్నాడు. ఆయన్ని పొద్దుటి బస్సులో కాంపౌండరు పోతయ్య వెంటబెట్టుకొచ్చాడు. దవాఖానా గేటు దగ్గర పోతయ్య ఆయన గురించి ఏదో చెప్పబోతే భద్రయ్య ఆగలేదు, జీపు స్టార్టు చేసేశాడు. ఈమధ్య అతనికి ఎవరేం చెప్పినా తలకెక్కడం లేదు. తినమంటే తింటున్నాడు, పడుకోమంటే పడుకుంటున్నాడు. భార్య పున్నమ్మ పోయినా కంట చుక్క నీరు రాలేదని వాడలో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. అనుకోనీ అనుకున్నాడు.

పున్నమ్మ పోయింది ఇక్కడే, ఈ మద్దికుంట మలుపులోనే.

పుట్టింటివాళ్ల మిరపచేలో పాము కరిచింది. భద్రయ్యే జీపు తీసుకుని పరుగెత్తాడు. దవాఖానాలో మందు అయిపోయింది, ఉన్నది భద్రాచలంలో. వైర్‌లెస్‌లో కబురు అందితే వాళ్ల జీపు మందుతో ఎదురొచ్చి సగం దారిలో కలుసుకునేది. ఈ మలుపులో జీపు ఆపి, గొంతు ఎండిపోయేదాకా పిలిచాడు. ఎవరూ పలకలేదు. వెనక సీటులో పున్నమ్మ మూలుగు ఆగిపోయినా కాసేపు పిలుస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత పైవాళ్లకు తెలివొచ్చింది. వెనక బంపరుకు బిగించిన ఏరియల్ అడవిలో పనికిరాదని తేల్చి, మనిషిని పంపారు. ఎక్కడ మాట అందలేదో అక్కడికే తీసుకెళ్లి చూడాలన్నాడు మంగీలాల్. భద్రయ్య మారు మాట్లాడకుండా ఇక్కడికి తీసుకొచ్చాడు.

బంపరు మీద రెండు వేళ్లు. జీపును వెనక్కి తిప్పి నిలబెడితే పిడికిలి. ముందు మడ్‌గార్డుకు బిగిస్తే మూడు వేళ్లు. మంగీలాల్ పెదవి విరిచి, గుడ్డ టాపు తీసేసి, పైకమ్మీల మీద ఒక ఇనుప రేకు పరిచి బోల్టులు వేశాడు. దాని నడుమ కడ్డీ నిలబెట్టాడు. కొమ్మలు తగిలితే విరక్కుండా మొదట్లో స్ప్రింగు కూడా పెట్టాడు.

భద్రయ్య మైకు నొక్కి పిలిచాడు.

కంట్రోల్ రూము మనిషి పక్క సీటులో కూర్చున్నంత దగ్గరగా పలికాడు. భద్రయ్య అయిదు వేళ్లూ విప్పి చూపించాడు. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవాలని కూడా తోచలేదు.

ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా రాత అన్నారు, కాలం తీరిందన్నారు. అతనికి కావాల్సింది ఒక్క మాట. అది చెప్పగలిగే మనిషి ఇప్పుడు జీపు మీదే ఉన్నాడు. అడగాలంటే భయంగా ఉంది, అడక్కపోతే ఈ బండిని ఇక జన్మలో నడపలేడు.

దిగి, జీపు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. మంగీలాల్ అటు తిరిగి పైన నట్టు బిగిస్తున్నాడు.

"అన్నా, ఆ దినం నేను ఈడికెళ్లే పిలిచిన. నా పెండ్లాం ఎనక పండుకొని ఉంది. జోరు వాన, చెట్లన్నీ తడిసి ఉన్నయ్. ఒక్కటి చెప్పు నాకు. కడ్డీ గిట్లనే పైన ఉంటే, గంత వానల నా మాట భద్రాచలం పోతుండెనా?"

మంగీలాల్ కడ్డీని పట్టుకుని రెండుసార్లు కదిపాడు. తర్వాత మెల్లగా తల అడ్డంగా ఊపాడు.

అంటే ఆ మాట భద్రాచలం పోయేది కాదు. ఎక్కడ బిగించినా పోయేది కాదు. భద్రయ్య చక్రానికి ఆనుకుని కూలబడి, ఇన్నాళ్లూ రాని ఏడుపంతా ఏడ్చాడు. ఎవరూ సముదాయించకపోవడమే బాగుంది. పైన స్పానర్ తిరుగుతూనే ఉంది.

కిందికి దిగిన మంగీలాల్ అతని ముఖం చూసి ఆగిపోయాడు. భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చి, పక్కనే కూర్చున్నాడు. ఎందుకని అడగలేదు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాడు భద్రయ్య.

దవాఖానాకు వచ్చాక భద్రయ్య తనంతట తానే అన్నం అడిగి తిన్నాడు. రెండోసారి కూర వేయించుకున్నాడు. పోతయ్య ఆశ్చర్యపోయి, ఎక్కడ ఈ ముచ్చట చెడుతుందోనని ఏమీ అడగలేదు. సాయంత్రం పున్నమ్మ తల్లి దగ్గరికి వెళ్లాలనుకున్నాడు భద్రయ్య. ఏం చేసినా దక్కేది కాదంట అత్తా, తెలిసినాయననే అడిగిన అని చెప్పాలి. ఆ మాటతో ముసలామె కూడా కాస్త నిద్రపోతుంది.

ఇంతలో ఖమ్మం బస్సు వచ్చింది. మంగీలాల్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బస్సు వైపు నడుస్తున్నాడు. చెయ్యి కడుక్కోకుండానే భద్రయ్య వాకిట్లోకి పరుగెత్తి, "అన్నా, మంగీలాలన్నా" అని గట్టిగా పిలిచాడు. ఆయన వెనుదిరగలేదు. మళ్లీ ఇంకా గట్టిగా పిలిచాడు.

వెనకే వచ్చిన పోతయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఒర్లకు భద్రన్నా, ఆయనకు రెండు చెవులూ వినపడవు."