చేపల మీద అలక

"చేప ముక్క కనిపించిందా, మగపెళ్ళివారం ఒక్కరం విస్తరి ముందు కూర్చోం!"

వంటపందిట్లో ఆ పెద్దమనిషి అరిచిన అరుపుకి పెళ్ళికూతురి తండ్రి తాతాజీ పరుగెత్తుకొచ్చాడు.

రాత్రే హేమశ్రీ పెళ్ళయింది. ఇవాళ వియ్యాలవారికి చేపల భోజనం. తెల్లారగట్ల, పచ్చగా చిక్కబడిన ఉప్పుటేట్లో పండుగప్పలు వాటంతటవే ఒడ్డుకొచ్చి నోళ్ళు తెరిచాయి. తాతాజీ బావమరిది చిట్టియ్య బుట్టలకెత్తుకొచ్చి పడేసి, సారె పూతరేకుల కోసం ఆత్రేయపురం వెళ్ళాడు. అమ్మాయి అదృష్టమని అందరూ మురిసిపోయారు.

"తమరు పెళ్ళికొడుక్కి ఏమవుతారండి?"

"బాబాయిని! అదీ తెలీదా? ఇదేనా మర్యాద?"

తాతాజీ చేతులు జోడించాడు. అలిగిన మగపెళ్ళివారితో వాదించే ధైర్యం ఆయనకెక్కడిది?

"తమరి వరకూ పప్పు వండించేస్తానండి."

"మావాళ్ళందరికీ పప్పే. మీవాళ్ళకీ అంతే. ఆ చేపల పులుసు గొయ్యి తీసి పూడ్చండి."

"పూడ్చడమేంటండి బాబూ!"

"అయితే మేం బయల్దేరతాం."

"ఇదెక్కడి అలకండీ?" తాతాజీ భార్య వీరదుర్గ గొణిగింది.

"ఊరుకోవే, వింటారు."

పులుసు గుండిగ గొయ్యిలోకి ఒరిగింది. మట్టి కప్పేదాకా బాబాయి అక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, గడ్డపెరుగు. లొట్టలేసుకుంటూ తిన్నారందరూ. బావామరదళ్ళ వేళాకోళాలతో పందిరి హోరెత్తింది. బాబాయి మాత్రం విస్తరి దగ్గరకే రాలేదు.

సాగనంపేటప్పుడు తాతాజీ, వియ్యంకుడు సత్యప్రసాద్ గారి చేతులు పట్టుకున్నాడు.

"మీ తమ్ముడుగారి అలక తీరిందా బావగారూ?"

"నాకు తమ్ముళ్ళెక్కడున్నారండి? ఆయన మీ తాలూకు కాదా? చేపలు లేవేంటా అనుకుని, మీకేదో మొక్కుందేమోనని నోరు మూసుకున్నాం!"

వీరదుర్గ పకపకా నవ్వేసింది. తాతాజీకి ఒళ్ళు మండిపోయింది.

"బంగారంలాంటి పులుసు పూడ్పించాడండి, దొంగ సచ్చినోడు!"

అప్పుడే చిట్టియ్య పూతరేకులతో రొప్పుకుంటూ వచ్చాడు.

"బావా, పులుసు ఎవరూ తినలేదు కదా? మనం పారేసిన చేప పేగులు తిని గట్టు మీద పిల్లులు తూలి పడిపోతన్నాయి!"



తాతాజీ మెల్లగా సెల్లులో ఇవాళ వంటపందిట్లో తీసిన ఫొటో తెరిచి, గొయ్యి పక్కన నిలబడ్డ బాబాయిని చూపించాడు. "ఈయనెవరో ఎరుగుదువా?"

చిట్టియ్య ఆ ముఖాన్ని తేరిపార చూశాడు.

"ఈయనే బావా... పొద్దున్న ఏటి నీళ్ళు పరీక్షకని సీసాల్లో పట్టుకుంటూ, 'ఈ పచ్చ నాచులో విషముంది, ఉడికించినా పోదు, పెళ్ళివారికి పెట్టకండి బాబూ' అని బతిమాలితే, పిచ్చోడని నేనే తరిమేశాను!"