అదే ఆయిల్

ఫేబీ సంచిలోంచి ఖాళీ ఆయిల్ డబ్బా తీసి హరినాథ్ ఆయిల్ షాపు కౌంటర్ మీద పెట్టింది.

"హరినాథన్నా, నిజం చెప్పు. జెట్ స్కీకి ఇది పొయ్యొచ్చా?"

హరినాథ్ డబ్బా చూశాడు. మోపెడ్‌కు వాడే టూ-స్ట్రోక్ ఆయిల్. నీళ్లమీద నడిచే బండికి ఇది పోస్తే, వేగం మీద ఉండగానే ఇంజన్ పట్టేసి ఆగిపోతుంది.

పోయిన నెల మైపాడు సముద్రంలో ఆమె మొగుడు జడ్సన్ బాడుగకు తిప్పే జెట్ స్కీ అట్లాగే ఆగింది. మూడోరోజు శవం ఒడ్డుకు వచ్చింది.

"ఆ పొద్దు ఆయిల్ పొయ్యమన్నాడు. ఇంట్లో మోపెడ్‌ది ఉంటే నేనే పోసినా. రెండూ టూ-స్ట్రోకే గదా అనుకున్నా."

హరినాథ్ గొంతు సవరించుకున్నాడు. "రెండూ ఒకటేనమ్మా. ఆ రోజు అలలు ఎక్కువ. నీ తప్పేం లేదు."

ఫేబీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అయితే అదే ఇంకో డబ్బా ఇయ్యన్నా. బండి బాగు చేయించినాం. రేపటినుంచి మా మరిది తిప్పతాడు."

హరినాథ్ చెయ్యి మోపెడ్ ఆయిల్ డబ్బాల దాకా పోయి ఆగిపోయింది. స్టూలెక్కి, పై అరలోంచి పడవ బొమ్మ ఉన్న డబ్బా దించాడు. ఆమె మొహం చూడకుండా కౌంటర్ మీద పెట్టాడు.

ఫేబీ రెండు డబ్బాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది.

"దీన్ని మా మరిదినే పోసుకోమంటాలే అన్నా," అంది.

ఖాళీ డబ్బాను మళ్లీ సంచిలో పెట్టుకుంది.