ముసుగు కణాలు

"రేపు పొద్దున తొమ్మిదికి మొదటి ఇంజెక్షన్ ఇచ్చేస్తున్నాను," అన్నాడు కిడ్నీ డాక్టరు, ల్యాబ్ గుమ్మంలోనే నిలబడి.

"ఇవ్వకండి సార్," అంది ఆమె, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ఆమె ఆ ల్యాబ్‌లో మూత్రం నమూనాల్లోని కణాలు చూసే టెక్నీషియను. ఆ పనిలో పన్నెండేళ్ళ అనుభవం ఉంది. ఈ ఆసుపత్రికి వచ్చి మాత్రం ఏడాదే అయింది. గాజుపలక మీద వేల కణాల మధ్య ఒక్క చెడ్డకణం దాక్కున్నా పట్టేస్తుందని అందరూ ఆమెను డేగమ్మ అంటారు. మొహం మీదే అంటారు. ఆమె ఏమీ అనుకోదు.

మూడో అంతస్తులో ఉన్న రోగికి నలభై రెండేళ్ళు. మూడేళ్ళ క్రితం వేరే ఊళ్ళో కొత్త కిడ్నీ పెట్టించుకున్నాడు. ఇంట్లోవాళ్ళే ఎవరో ఇచ్చారని ఫైల్లో ఉంది. ఇన్నాళ్ళూ బుద్ధిగా పనిచేసిన ఆ కిడ్నీ నెల రోజులుగా మొరాయిస్తోంది. పరాయి కిడ్నీని ఒళ్ళు తోసేస్తోందని డాక్టరు అనుమానం. అదే నిజమైతే ఒంటి రోగనిరోధక శక్తిని అణిచే మందు బాగా పెంచాలి. కిడ్నీలోంచి ముక్క తీసి చూద్దామంటే, అతను గుండె కోసం రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నాడు. సూది గుచ్చితే రక్తం ఒక పట్టాన ఆగదు.

నిన్న మూత్రం పరీక్ష చూసిన డ్యూటీ డాక్టరు, పాడైన కణాలు తప్ప విశేషం లేదని రాసి వెళ్ళిపోయాడు. ఆ పలకనే ఆమె మళ్ళీ తీసింది.

"ఇవి పాడైనవి కావు సార్. లోపల వైరస్ ఉందని నా అనుమానం. మీరు మందు పెంచితే దానికి రెక్కలొస్తాయి. కిడ్నీ దక్కదు."

"పెంచకపోతే, నా అనుమానం నిజమైతే, అప్పుడూ దక్కదు. మీదీ అనుమానమే, నాదీ అనుమానమే. దేన్ని నమ్మమంటారు?"

"తొమ్మిది దాకా టైముందిగా సార్. నాకు ఇంకో నమూనా ఇప్పించండి."

రాత్రంతా లోపల నిలవున్న మూత్రంలో కణాలు చివికిపోతాయని, లేచాక రెండోసారి వెళ్ళినది కావాలని, అది వెచ్చగా ఉండగానే కిందికి చేరాలని ఆమె చెప్పింది. డాక్టరు విసుక్కుంటూనే సరేనన్నాడు.

మర్నాడు ఆరింటికే ఆమె ల్యాబ్ తలుపు తీసింది. ఏడుంబావుకి నర్సు సీసా తెచ్చింది. రోగి సణుగుతున్నాడని, ల్యాబ్‌లో ఎవరోగాని తనను పీక్కు తింటున్నారని అంటున్నాడని నవ్వుతూ చెప్పింది. ఒక్కసారి పైకొచ్చి ఆ నాలుగు ముక్కలూ మీరే చెప్పకూడదా అని అడిగింది. ల్యాబ్ వాళ్ళు వార్డుల్లోకి రాకూడదంది ఆమె. అలాంటి రూలుందని నర్సుకు అప్పుడే తెలిసింది.

ఆమె సీసాలోది యంత్రంలో గిర్రున తిప్పి, అడుగున చేరినదాన్ని పలక మీద పరిచి, వరసగా రంగుల్లో ముంచి తీసింది. ఎనిమిదిన్నరకు పెద్ద డాక్టరు వచ్చాడు. ల్యాబ్‌లో ఆఖరి మాట ఆయనది. అందరూ మాస్టారూ అని పిలుస్తారు. ఆమె తన అనుమానం చెప్పకుండా పలక ఆయన ముందు పెట్టింది.

ఆయన చాలాసేపు చూశాడు.

"క్యాన్సరా?" అని, వెంటనే తనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. కేంద్రకం ఉబ్బింది గాని లోపల గరుకు లేదు. పొగ పట్టిన అద్దంలా నున్నగా ఉంది. ఇది వైరస్ దూరిన కణం అమ్మాయ్. క్యాన్సర్ ముసుగేసుకుని మనల్ని ఏమారుస్తుంది. ఎన్నున్నాయి?"

"నలభై ఒకటి మాస్టారూ. రెండుసార్లు లెక్కపెట్టాను."

తొమ్మిదికి పది నిమిషాల ముందు కిడ్నీ డాక్టరు దిగివచ్చాడు. మూత్రంలో వైరస్ కనబడినంత మాత్రాన కిడ్నీని అదే తినేస్తోందని చెప్పలేమన్నాడు. రక్తంలోనూ ఉందో లేదో చూడాలి, ఆ ఫలితం రావడానికి మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఏదైనా అయితే ఎవరు జవాబు చెప్తారని అడిగాడు.

"రిపోర్టు మీద సంతకం నాది," అన్నాడు మాస్టారు.

"ఆపమన్నది నేనని రాసుకోండి సార్," అంది ఆమె.

ఇంజెక్షన్ ఆగింది. ఆ మూడు రోజులూ ఆమె సరిగ్గా అన్నం తినలేదు. ఫోను మోగినప్పుడల్లా ఉలిక్కిపడింది. మూడో రోజు మధ్యాహ్నం ఫలితం వచ్చింది. రక్తం నిండా వైరసే. డాక్టరు మందు పెంచడానికి బదులు సగానికి తగ్గించాడు.

రోగి ఇంటికి వెళ్ళినా నెలనెలా నమూనా పంపేవాడు. దాన్ని ఆమె ఇంకెవరి చేతికీ ఇచ్చేది కాదు. నలభై ఒకటి పందొమ్మిదైంది. పందొమ్మిది ఆరైంది. నాలుగో నెల ఆమె పలకంతా మూలమూలలా గాలించింది. ఒక్కటీ లేదు. కిడ్నీ మళ్ళీ దారిలో పడింది.

ఆ సాయంత్రం డాక్టరు ల్యాబ్‌కి వచ్చి, ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుందని ఒప్పుకున్నాడు. రోగి కింద హాల్లో కూర్చున్నాడని, కృతజ్ఞతలు చెప్పుకుంటానంటున్నాడని, ఒక్క నిమిషం రమ్మనీ అడిగాడు.

"వద్దు సార్. మాత్రలు వేళకి వేసుకోమనండి, చాలు."

"ఇంత పట్టుబట్టి కాపాడారు. మీకేమైనా చుట్టమా?"

"ఏమీ కాడు సార్," అంది ఆమె, పలకలు సర్దుకుంటూ.

అది అబద్ధం కాదు.

కిడ్నీ ఇచ్చిన రోజున మాత్రం ఆమె అతని భార్య.